రెండు హుక్కుల సేఫ్టీ బెల్టు: ఎత్తంటే భయమున్నవాళ్లు కొనేముందు చూడవలసినవి

సైట్లో దీన్ని అందరూ బెల్టు అనే అంటారు. బిల్లులో మాత్రం ఫుల్ బాడీ హార్నెస్ (భుజాలకూ ఛాతీకీ తొడలకూ బిగించే పట్టీలు), డబుల్ లాన్యార్డ్ (రెండు కొమ్మల తాడు), షాక్ అబ్జార్బర్, స్కాఫోల్డింగ్ హుక్కులు అని పెద్ద పేరుంటుంది. ఆన్‌లైన్‌లోనూ, సేఫ్టీ సామాను అమ్మే దుకాణాల్లోనూ సుమారు 2,000 నుంచి 3,500 రూపాయల మధ్య దొరుకుతుంది. దాని పక్కనే, చూడ్డానికి ఇంచుమించు అలాగే ఉండే ఒంటి తాడు బెల్టు ఎనిమిది వందలకో వెయ్యికో వచ్చేస్తుంది. ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు బిగించేవాళ్లు, పెయింటర్లు, సోలార్ ప్యానెళ్లు ఎక్కించేవాళ్లు, హోర్డింగులకు ఫ్లెక్సీలు కట్టేవాళ్లు చాలామంది ఆ చవకదే కొంటుంటారు. ఈ రెంటికీ తేడా ఎక్కడుంది, ఎత్తుకెళ్తే కాళ్లు వణికే మనిషికి ఏది పనికొస్తుంది అన్నది ఇక్కడ చూద్దాం.

మా మాట ముందే చెప్పేస్తాం: రెండు హుక్కులదే కొనండి. భయం ఉన్న మనిషి ఒకచోట కుదురుకుని నిలబడితే ఎలాగోలా పని చేసేస్తాడు. వణుకు మొదలయ్యేది అక్కడి నుంచి పక్కకు కదిలేటప్పుడు. ఒంటి తాడు బెల్టులో కదిలిన ప్రతిసారీ హుక్కు విప్పాలి, ఇంకోచోట తగిలించాలి. ఆ నాలుగైదు క్షణాలు మనిషి దేనికీ కట్టి ఉండడు. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే పైపును రెండు చేతులా బిగించి పట్టుకుంటాడు. చేతులు అక్కడే ఉండిపోతే హుక్కు తియ్యడానికి చెయ్యి ఎక్కడిది? చివరికి హుక్కు తగిలించడమే మానేస్తాడు. రెండు హుక్కులుంటే మొదటిది విప్పేలోపే రెండోది అవతల తగిలి ఉంటుంది. కింది నుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా ఒక్క క్షణం కూడా విడిగా ఉండాల్సిన పని లేదు.

హుక్కు దగ్గరే సగం తేడా

పరంజాకు వాడే ఒకటిన్నర అంగుళం ఇనుప పైపు బయటి కొలత 48.3 మిల్లీమీటర్లు. చవక బెల్టుకు వచ్చే చిన్న హుక్కు నోరు 18 నుంచి 20 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. అది ఆ పైపుకు పట్టదు. అప్పుడు చేసే పని అందరికీ తెలిసిందే. తాడును పైపు చుట్టూ తిప్పి, హుక్కును మళ్లీ ఆ తాడుకే తగిలిస్తారు. అలా వాడమని తయారీదారు రాసిన తాడు అయితే తప్ప ఇది చెయ్యకూడదు. బరువు పడినప్పుడు తాడు హుక్కు అంచు మీద ఒరుసుకుంటుంది, హుక్కు నోటిని మూసే గేటు మీద అడ్డంగా ఒత్తిడి పడుతుంది. హుక్కుకు అసలు బలం వెన్నులో ఉంటుంది, గేటులో కాదు.

స్కాఫోల్డింగ్ హుక్కు నోరు 50 నుంచి 60 మిల్లీమీటర్లు. ఒకటిన్నర అంగుళం పైపు దర్జాగా పడుతుంది. కొనేటప్పుడు ఒక్కో హుక్కునూ ఇలా చూడండి. వెనక ఉన్న లీవరు నొక్కి పట్టుకుంటేనే ముందు గేటు తెరుచుకోవాలి, ఊరికే గేటును నెడితే కదలకూడదు. వదిలేయగానే స్ప్రింగు దానంతటదే టక్కున మూయాలి, వేలితో సాయం చేయాల్సి వస్తే ఆ హుక్కు వద్దు. గ్లౌజు వేసుకుని, ఒంటి చేత్తో, కుడి చేత్తోనూ ఎడమ చేత్తోనూ ఇరవైసార్లు తెరిచి మూయండి. కింద నిలబడి తడబడేవాళ్లు పైన తప్పకుండా తడబడతారు, భయంతో వేళ్లు బిగుసుకున్నప్పుడు మరీను.

స్టీలు హుక్కు ఒక్కోటి అర కిలో దాకా తూగుతుంది. రెండు హుక్కులు భుజాల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అంటే మాటలు కాదు. అల్యూమినియంవి తేలిక, ధర ఎక్కువ. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో స్టీలు హుక్కు గేటు పిన్ను దగ్గర తుప్పు తొందరగా మొదలవుతుంది. సిమెంటు పాలు ఎండి గేటు కీలులో గట్టిపడటం ఇంకో తలనొప్పి. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచి, కీలు దగ్గర ఒక్క చుక్క నూనె వేసి, మిగిలింది తుడిచేస్తే సరిపోతుంది. నూనె పట్టీకి అంటనివ్వకండి.

ఆ చిన్న పొట్లంలో ఏముంది

మెడ కింద వీపు మీదుండే డి-రింగుకు, అంటే D ఆకారపు ఇనుప రింగుకు తగిలి, అరచేయంత పొట్లం ఒకటి ఉంటుంది. అదే షాక్ అబ్జార్బర్. దాని లోపల పట్టీని మడతలు మడతలుగా పేర్చి, కావాలనే తెగేలా కుట్టి ఉంచుతారు. మనిషి పడ్డప్పుడు ఆ కుట్లు వరసగా పర్రున చీలుతూ పోతాయి, మడతలు విప్పుకుంటూ పట్టీ సాగుతుంది. ఈఎన్ 355 అనే ఐరోపా ప్రమాణం ప్రకారం ఒంటి మీద పడే దెబ్బ 6 కిలోన్యూటన్లు దాటకూడదు, అంటే సుమారు 600 కిలోల బరువంత. రెండు మీటర్లు పడటానికి పట్టే సమయం 0.64 సెకను, అప్పటికే వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటుతుంది. అంత వేగాన్ని సాగని తాడు ఒక్కసారిగా ఆపితే వెన్ను తట్టుకోలేదు. ఎనిమిది వందల బెల్టుల్లో చాలావాటికి ఈ పొట్లం ఉండదు, ఉత్త తాడే.

అబ్జార్బర్ ఉంది కదా అని ఎంత ఎత్తులోనైనా కాపాడుతుందనుకోవద్దు. లెక్క ఇది. తాడు 2 మీటర్లు. అబ్జార్బర్ పూర్తిగా సాగితే ఇంకో 1.75 మీటర్లు. డి-రింగు నుంచి పాదాల దాకా మనిషి 1.5 మీటర్లు. కింద నేల తగలకుండా 1 మీటరు ఖాళీ. మొత్తం 6.25 మీటర్లు. అంటే హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి అంత ఖాళీ ఉండాలి. మన అపార్టుమెంట్లలో ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు. మొదటి అంతస్తు స్లాబు అంచున నిలబడి, హుక్కు కాళ్ల దగ్గర తగిలిస్తే, బెల్టు పనిచేసేలోపే మనిషి నేల మీద ఉంటాడు. రెండంతస్తుల ఎత్తయినా పాదాల దగ్గర హుక్కుకు చాలదు.

అందుకే హుక్కు ఎప్పుడూ భుజానికి పైన ఉండాలి, తల పైన ఉంటే మరీ మంచిది. తాడులో వదులు తగ్గుతుంది, పడే దూరం తగ్గుతుంది, అబ్జార్బర్ కాస్తే విప్పుకుంటుంది. తక్కువ ఎత్తులో పనిచేసేవాళ్లు ఈ బెల్టుకు పొట్టి తాడు తగిలించి, అసలు అంచు దాకా వెళ్లలేకుండా కట్టుకోవడం మేలు. లేదంటే పైన కట్టే రిట్రాక్టబుల్ బ్లాకు వాడాలి. కారు సీటు బెల్టులా లాగితే పట్టేసే పెట్టె అది.

రెండు హుక్కుల బెల్టులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, దీన్ని మాత్రం బాగా గుర్తుంచుకోండి. ఒక హుక్కు పైపుకు తగిలించి, వాడని రెండో హుక్కును నడుం దగ్గరి ఇనుప రింగుకు తగిలిస్తుంటారు, కాళ్లకు అడ్డం పడకుండా. పడినప్పుడు అబ్జార్బర్ సాగబోతుంది, కానీ ఆ రెండో తాడు అప్పటికే ఒంటికి బిగించి ఉంది కాబట్టి సాగనివ్వదు. బరువంతా పొట్లాన్ని దాటేసి నేరుగా నడుం మీద పడుతుంది. అంత ఖర్చు పెట్టి కొన్న అబ్జార్బర్ లేనట్టే. మంచి బెల్టుల్లో ఛాతీ పట్టీ మీద చిన్న లూపు ఒకటి ఇస్తారు, లాగితే ఊడిపోయేది. ఖాళీ హుక్కు చోటు అదే. ఆ లూపు లేని బెల్టు కొనకండి. ఒకవేళ ఇప్పటికే కొనేసి ఉంటే, ఖాళీ హుక్కును కూడా పైపుకే తగిలించండి. రెండు కొమ్మలకూ కలిపి ఒకే పొట్లం ఉన్న తాడు అయితే రెండు హుక్కులూ ఒకేసారి తగిలి ఉన్నా ఫర్వాలేదు. విడివిడిగా రెండు తాళ్లు, రెండు పొట్లాలు ఉంటే మాత్రం రెండూ ఒక్కసారే లాగుతాయి, దెబ్బ రెట్టింపవుతుంది.

తొడుక్కోవడం

వీపు డి-రింగు పట్టుకుని బెల్టును పైకెత్తి ఒకసారి విదిలించండి, పట్టీల చిక్కు దానంతటదే విడుతుంది. చొక్కా తొడుక్కున్నట్టు భుజాల మీద వేసుకోండి. తొడల పట్టీలు మెలిక పడకుండా, కుడిది కుడి కాలికి, ఎడమది ఎడమ కాలికి తెచ్చి బకిల్ పెట్టండి. తర్వాత ఛాతీ పట్టీ. అది ఛాతీ మధ్యలో ఉండాలి. పైకుంటే పడినప్పుడు గొంతుకు తగులుతుంది, కిందికుంటే భుజం పట్టీలు జారతాయి. చివరగా డి-రింగు రెండు రెక్కల ఎముకల నడుమ ఉందా అని పక్కవాళ్ల చేత చూపించుకోండి. సొంతంగా చూసుకోవడం కుదరదు. నడుం దాకా జారిపోయి ఉన్న డి-రింగులు సైట్లో ఎన్నో కనిపిస్తాయి.

తొడ పట్టీకీ కాలికీ మధ్య అరచేయి చదునుగా పట్టాలి, పిడికిలి పట్టకూడదు. వదులుగా ఉంటే హాయిగా ఉంటుందని చాలామంది వదిలేస్తారు. పడినప్పుడు ఆ వదులు పట్టీయే గజ్జల్లో దెబ్బ కొడుతుంది. లుంగీ మీద ఈ బెల్టు వద్దు, బట్ట జారి పట్టీ కింద ముద్దలా చేరుతుంది. చీర కట్టుకునే ఆడవాళ్లకు సైట్లో ప్యాంటూ చొక్కా విడిగా ఇవ్వాలి. చీర మీద తొడ పట్టీ సరిగ్గా బిగియదు, ఛాతీ పట్టీ ఒక్కటే పెట్టి పంపడమంటే ఏమీ పెట్టకపోవడమే. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, 1998 నాటి దాని కేంద్ర నిబంధనలు వచ్చాక కార్మికుడి భద్రత చూడాల్సిన బాధ్యత పని చేయించేవాళ్లది. కూలీ డబ్బుల్లోంచి బెల్టు ధర కోసుకోవడం అన్యాయం.

నడుం పక్కన రెండు వైపులా రింగులున్న మోడళ్లూ ఉంటాయి, కొంచెం ఖరీదు. ఆ రింగులు పడే మనిషిని ఆపడానికి కావు. స్తంభం చుట్టూ తాడు వేసి, వెనక్కి వాలి, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని పని చేసుకోవడానికి. తాటిచెట్టు మీద గీత కార్మికుడి మోకు చేసేది అదే పని. మనిషి బరువు ఎప్పుడూ దాని మీద వాలి ఉన్నంతసేపూ అది అద్భుతంగా పట్టుకుంటుంది. పట్టు జారి మనిషి కిందికి పడటం మొదలైతే నడుం తాడు ఆపగలిగింది తక్కువ, ఆపినా పొట్టను నలిపేస్తుంది. తెలంగాణలో 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలైంది ఈ లోటు పూడ్చడానికే. అమెరికాలో 1998 జనవరి 1 నుంచి పడే మనిషిని ఆపడానికి ఒట్టి నడుం బెల్టు వాడకాన్ని నిషేధించారు. మన దుకాణాల్లో ఉత్త నడుం బెల్టులు ఇంకా కనిపిస్తున్నాయి. నడుం రింగుల మోడల్ కొన్నా, వీపు డి-రింగుకు ఇంకో తాడు తప్పనిసరి.

ఎక్కడ తగిలించాలి

హుక్కు తగిలించే గట్టి చోటును యాంకరు అంటారు. ఇది పెట్టెలో రాదు, కానీ మిగతావన్నీ దీనిమీదే ఆధారం. ఈఎన్ 795 ప్రకారం ఒక మనిషిని ఆపే యాంకరు 12 కిలోన్యూటన్లు తట్టుకోవాలి. ఒక చిన్న కారును వేలాడదీసినా ఊడకూడదు అనుకోండి. ఏసీ స్టాండు, కిటికీ గ్రిల్లు, డిష్ యాంటెన్నా, నీళ్ల పైపు, బాల్కనీ రెయిలింగు, పిట్టగోడలోంచి పైకొచ్చిన తుప్పు చువ్వ, ఇవేవీ యాంకర్లు కావు. అపార్టుమెంటు మేడ మీద లిఫ్టు గది కాంక్రీటు పిల్లరు, మెట్ల గది పిల్లరు బాగుంటాయి. పిల్లరు చుట్టూ వేయడానికి 22 కిలోన్యూటన్ల వెబ్బింగ్ స్లింగు (పట్టీతో చేసిన ఉచ్చు) ఒకటి, ఒక స్టీలు కారబైనర్ (గేటున్న కొక్కెం) విడిగా కొనండి. అక్కడి నుంచి గోడ బయటికి వెళ్లాలంటే యాంకరు నుంచి కిందికి వేలాడే 11 లేదా 12 మిల్లీమీటర్ల లైఫ్‌లైన్ తాడు, దానికి సరిపోయే రోప్ గ్రాబ్ (తాడు మీద మనతో జరుగుతూ, పడితే పట్టేసే బిగింపు) కావాలి. రోప్ గ్రాబ్ మీద తాడు లావు ముద్రించి ఉంటుంది. 16 మిల్లీమీటర్లకు చేసిన గ్రాబ్‌లో 11 మిల్లీమీటర్ల తాడు పెడితే పట్టదు, జారుతుంది.

పిట్టగోడ అంచు తాడును కోస్తుంది. పాత ఫైర్ హోస్ ముక్క గానీ మందపాటి గోనె మడతలు గానీ అంచు మీద వేసి, అది జారకుండా కట్టండి. యాంకరుకు నేరుగా కిందే పని చేయండి. 30 డిగ్రీల కన్నా పక్కకు జరిగితే, పడినప్పుడు మనిషి గడియారం లోలకంలా ఊగి పక్క గోడకో సన్‌షేడ్‌కో కొట్టుకుంటాడు.

భయం సంగతి

మనిషి కదలకుండా నిలబడ్డా ఒళ్లు కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. కళ్లు, లోపలి చెవి, కాళ్ల కండరాలు కలిసి ఆ ఊగుడును సరిచేస్తుంటాయి. ఎదురుగా మూరెడు దూరంలో గోడ ఉంటే, కాస్త ఊగినా కంటికి తెలిసిపోతుంది. చుట్టూ ఉన్నదంతా దూరమైపోతే ఆ కదలిక కంటికి ఆనదు, ఒళ్లు ఇంకొంచెం ఎక్కువ ఊగుతుంది, తల తిరిగినట్టవుతుంది. ఇది పిరికితనం కాదు. పైన తల తిరిగితే కిందికీ చూడొద్దు, ఆకాశంలో కదిలే మబ్బుల వైపూ చూడొద్దు. ఎదురుగా దగ్గర్లో ఉన్న, కదలని దాని మీద చూపు నిలపండి. ఒక చెయ్యి గట్టిదాన్ని తాకి ఉండనివ్వండి, హుక్కు తగిలి ఉందో లేదో చూసుకుని కూర్చోండి. కూర్చుంటే ఊగుడు బాగా తగ్గుతుంది.

ఈ బెల్టు భయాన్ని తగ్గించగలదు, కానీ దాన్ని ముందు నమ్మాలి. నమ్మించే పద్ధతి ఒకటుంది. నేల మీద గట్టి దూలానికి బెల్టును తగిలించి, పాదాలు జానెడు పైకి లేచేలా రెండు మూడు నిమిషాలు వేలాడాలి, పక్కన ఇద్దరు మనుషులుండాలి. పట్టీలు ఎక్కడ నొక్కుతున్నాయో, సైజు సరిపోయిందో అప్పుడే తెలుస్తుంది. ఒంటి బరువు మొత్తం బెల్టు మోయడం ఒకసారి ఒంటికి అనుభవమైతే, పైన చేతులు పైపును వదలడం నేర్చుకుంటాయి. తర్వాత ఒక మీటరు ఎత్తు, అక్కడ ఊపిరి కుదుటపడ్డాక రెండు మీటర్లు, ఆ తర్వాత ఒక అంతస్తు. ఒక్కరోజులో పదో అంతస్తుకు ఎక్కిస్తే ధైర్యం వస్తుందనుకునే మేస్త్రీలున్నారు. భయం ముదురుతుంది తప్ప పోదు.

మంచం మీద పక్కకు తిరిగినా తల గిర్రున తిరిగేవాళ్లది ఎత్తు భయం కాకపోవచ్చు, చెవి డాక్టరుకు చూపించుకోవాలి. మూర్ఛ ఉన్నవాళ్లు, మత్తు తెచ్చే జలుబు, అలర్జీ మాత్రలు వేసుకున్నవాళ్లు, మందు తాగినవాళ్లు ఎంత మంచి బెల్టుతోనూ ఎక్కకూడదు. పెద్ద ప్లాంట్లలో హైట్ పాస్ (ఎత్తులో పని చేయడానికి అనుమతి) ఇచ్చేముందు బీపీ చూసి, బెల్టు తొడిగించి, తక్కువ ఎత్తులో అడ్డదూలం మీద నడిపిస్తారు. చిన్న కాంట్రాక్టరుకు కూడా ఆ పరీక్షకు పావుగంట చాలు.

నచ్చనివి

ఈ ధరలో తొడ పట్టీలకు మెత్త ఉండదు, గంట దాటితే ఒరుసుకుంటుంది. రెండు తాళ్లూ కాళ్లకు చుట్టుకుంటాయి. లోపల ఎలాస్టిక్ ఉండి ముడుచుకునే తాళ్లు కొంచెం ఎక్కువ పెట్టయినా తీసుకోండి. పట్టీల కొసలు పట్టి ఉంచే ప్లాస్టిక్ రింగులు తొందరగా ఊడతాయి. వెల్డింగు పనికి ఈ పాలిస్టర్ తాడు పనికిరాదు, ఒక్క నిప్పురవ్వ చాలు. సిమెంటులోని క్షారం పాలిస్టర్‌ను తింటుంది కాబట్టి పట్టీకి అంటిన సిమెంటును ఆరోజే మామూలు సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి. బ్లీచు, థిన్నరు, పెయింటు, పట్టీ మీద మార్కరుతో పేరు రాయడం, ఏవీ వద్దు.

పెద్ద లోటు ఇంకొకటి. పడి బెల్టులో వేలాడుతున్న మనిషిని దింపే సామాను ఏదీ దీంతో రాదు. తొడల దగ్గర పట్టీలు నొక్కి, కదలని కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు. ఎక్కేముందే ఎవరు, ఏ నిచ్చెనతో, ఎలా దింపుతారో తేల్చుకోండి. పాదం పెట్టి లేచి నిలబడేందుకు పనికొచ్చే ట్రామా స్ట్రాపులు విడిగా అమ్ముతారు, రెండూ బెల్టుకు తగిలించి ఉంచండి.

పార్సిల్ తెరిచాక

బెల్టుకు కుట్టిన లేబుల్ చదవండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 3521 గానీ ఐరోపా ప్రమాణం ఈఎన్ 361 గానీ ఉండాలి, తాడుకు, పొట్లానికి ఈఎన్ 355 ఉండాలి. తయారీ తేదీ, సీరియల్ నంబరు, ఎన్ని కిలోల మనిషికి అన్నది కనపడాలి. ఈఎన్ పరీక్ష 100 కిలోల బరువుతో చేస్తారు. పనిముట్లతో కలిపి అంతకు మించేవాళ్లు 140 కిలోల లేబుల్ ఉన్నదే వెతకాలి. లేబుల్ లేకపోతే వెంటనే వాపసు పంపండి. తర్వాత పట్టీని రెండు చేతుల మధ్య జానెడు మేర పట్టుకుని విల్లులా వంచుతూ మొత్తం చూడండి, కోతలూ లేచిన పోగులూ వంపులోనే బయటపడతాయి. కుట్లు పట్టీ రంగుకు భిన్నమైన దారంతో ఉండటం మంచి గుర్తు, తెగితే దూరానికి కూడా కనిపిస్తుంది. రోజూ ఎక్కేముందు ఇదే చూపు, ఆరు నెలలకోసారి తెలిసినవాళ్ల చేత పూర్తి పరీక్ష.

ఒక్కసారి మనిషిని ఆపిన బెల్టును గానీ, పొట్లం కవరు చినిగిన తాడును గానీ మళ్లీ వాడకూడదు. మూల పడేస్తే ఎవరో ఒకరు తీసుకుని తొడుక్కుంటారు. పట్టీలన్నీ ముక్కలుగా కోసి, హుక్కులు విడగొట్టి పారేయండి.